రైలు రాని గుట్ట

బావా,

భూమవ్వ నమస్కారం. నువ్వు పోయి మూడేళ్ళు దాటింది. బతికుండగా ఒక్కనాడైనా చేతులు జోడించని మనిషి ఇప్పుడేంటి కొత్తగా అని నవ్వుకుంటున్నావేమో... నవ్వుకో. నీకు చెప్పుకోవలసిన కబురు దొరికింది, అందుకే రాస్తున్నాను.

నేనిప్పుడు మస్కట్‌లో ఉన్నాను. అవును, నీ మస్కట్‌లోనే. అల్ మవాలేలో ఒకరింట్లో ఇద్దరు పిల్లల్ని చూసుకునే పని. ఇంటావిడను మామా అని పిలవాలట. ఆడమనిషిని మామా అనడానికి మొదట్లో నోరు తిరగలేదు. మనిషి మాత్రం మంచిది, తను తినేదే నాకూ పెడుతుంది. మన బిడ్డ సరిత మా అమ్మ దగ్గర ఉండి చదువుకుంటోంది. మాట్లాడటం మొదలుపెడితే ఆపదు, అచ్చం నీలాగే.

సంసారం కోసం పోతున్నానని ఊళ్ళో చెప్పి వచ్చాను. అది అబద్ధం కాదు. కానీ ఎవరికీ చెప్పని పని ఇంకొకటి ఉంది. నీ గుట్టను చూడాలి. అది నిజంగా ఉందో లేదో నా కళ్ళతో నేను చూడాలి.

గుర్తుందా... మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని నలుగురిలో చెప్పావు. సముద్రం ఒడ్డున పిల్లలు ఆడుకునే పెద్ద పార్కు కడుతున్నారని, అందులో నువ్వు గుట్ట కడుతున్నావని, ఆ గుట్ట కడుపులోంచి చిన్న రైలు పోతుందని. అందరికంటే ముందు నవ్వింది నేనే. ఆ దేశం నిండా గుట్టలే అని చెప్పింది నువ్వే, మళ్ళీ డబ్బులిచ్చి గుట్ట కట్టించుకునే పిచ్చివాళ్ళు ఎవరుంటారు?

"నవ్వవే, నవ్వు. రైలు షురువైనంక నిన్నే మొదటి డబ్బాల కూసవెడ్త" అన్నావు.

నీ అవస్థ చెబుతుంటే ఇంకా నవ్వొచ్చింది. "పుట్టినకాంచి గోడ సక్కగ రాలేదని తిట్లు తిన్న. ఈడ సక్కగ ఒచ్చిందని తిడుతున్రు!" చువ్వలు వంచి కట్టడం, పైన జాలీ చుట్టడం, దాని మీద సిమెంటు కొట్టడం... వంకర ఎంత బాగా వస్తే పని అంత బాగా వచ్చినట్టు. ఇంజనీరు అక్కడి కొండ ఫోటో ఒకటి ఇచ్చి అలాగే కట్టమన్నాడు. చివరికి లేచింది మాత్రం మన ఊరి గుట్ట!

"నేనేం జేతునే భూమవ్వా, నా చేతులకు ఎరుకైన గుట్ట గదొక్కటే. ఇంజనీరు ఫోటో ఇటు తిప్పిండు, అటు తిప్పిండు. కనీసం రంగైన మాది ఎయ్యిండ్రి అని పోయిండు" అన్నావు. హైదరాబాద్ ఖాదర్ భాయ్ దానికి అక్కడి కొండల గోధుమరంగు కొట్టాడని కూడా చెప్పావు.

మలిసారి వచ్చినప్పుడు నీ ముఖంలో ఆ వెలుగు లేదు. రైలు ఆగిపోయింది. ముందు పార్కు చుట్టూ, తర్వాత సముద్రం ఒడ్డు వెంబడి బజారు దాకా పోవలసిన రైలు. కాగితం మీద ఎర్రగీత గీసి, స్టేషన్ల పేర్లు కూడా రాసి పెట్టారట. సొరంగం అయింది, ప్లాట్‌ఫారం అయింది, పట్టాలు మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో మేస్త్రీలకు ఎవరు చెబుతారు?

"రాకుంటే రాకపాయె. నీడన్న ఉంటది" అన్నావు.

ఊరు ఊరుకుంటుందా? నీకు రైలు మల్లయ్య అని పేరు పెట్టింది. నువ్వూ వాళ్ళతో కలిసి నవ్వావు. ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి పడుకునేవాడివి, అది నాకొక్కదానికే తెలుసు. తర్వాత ఆ కామెర్లు... ఎన్ని ఆకుపసర్లు పోశాం, ఎన్ని ఆస్పత్రులు తిరిగాం. పదో దినం నాడు కూడా పందిట్లో ఎవరో అన్నారు, మల్లయ్య రైలెక్కి పోయాడని. ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది. అబద్ధాలకోరు పేరుతో నా మనిషి పోవడమా? ఎలాగైనా ఆ గుట్టను చూడాలని ఆ రోజే అనుకున్నాను.

నీకు తెలియని ఇంకో సంగతి చెప్పాలి. మన గుట్ట ఇప్పుడు లేదు బావా. క్వారీవాళ్ళు వచ్చారు. మందు పెట్టి పేల్చారు, కోసి లారీలకెత్తారు. మనం మేకలు కాసిన దున్నపోతు బండ కూడా పోయింది. చిన్నప్పుడు నువ్వు దాని మీదికి ఒక్క దూకులో ఎక్కేవాడివి, నాకు కాలు అందక కింద నిలబడి ఏడ్చేదాన్ని. నా కోసం బండ నెర్రెలో పలకరాయి ఇరికించావు. నేను ఎక్కడికెళ్ళినా ముందు ఎడమకాలే పెడతానని, ఆ రాయిని కూడా ఎడమవైపే ఇరికించావు. "ఎడమకాలుదానా, పెండ్లినాడన్న కుడికాలు పెట్టు" అని ఎంత ఏడిపించేవాడివి!

ఇక్కడికి వచ్చాక మామాను అడిగాను. కొండను జబల్ అంటారని నేర్చుకుని, రైలుకు చేతులు ఊపి, జబల్ ఎక్కడ అన్నాను. ఆవిడ కిటికీ తెరిచి నాలుగు దిక్కులూ చూపించింది. పాపం, ఆవిడ తప్పేముంది? కారులో ఎక్కడికి తీసుకెళ్ళినా నేను కిటికీకి అతుక్కునేదాన్ని. అన్నీ పదునైన మొండికొండలే, ఒక్క గుండ్రటి బండ లేదు. కొన్నాళ్ళకు నాకే అనుమానం వచ్చింది. నన్ను నవ్వించడానికే చెప్పావా బావా... అనుకున్నాను.

మొన్న పండక్కి పిల్లల్ని పార్కుకు తీసుకెళ్ళారు. చిన్నవాణ్ణి చంకనేసుకుని, పెద్దపిల్ల మరియం చెయ్యి పట్టుకుని నడుస్తున్నాను. ఉయ్యాలలు దాటి మలుపు తిరిగాం.

దున్నపోతు బండ.

అదే వంగిన మూపు, అదే నెర్రె. దాని పైన గంప బోర్లించినట్టు ఇంకో బండ. ఒళ్ళు మనది, రంగు వాళ్ళది. ఎండకు నల్లబడి సెలవు మీద ఇంటికి వచ్చిన నువ్వే అనిపించింది. పార్కు అని చూడకుండా గట్టిగా ఏడ్చేశాను. మరియం బెదిరిపోయింది. మామా పరుగెత్తుకొచ్చింది. ఇది నా మనిషి కట్టాడని వచ్చీరాని మాటలతో, చేతులతో చెప్పాను. ఆవిడ గుండెల మీద చెయ్యి పెట్టుకుని వాళ్ళ భాషలో నీ కోసం దువా చేసింది. నీ పేరు అడిగి మరీ చేసింది.

తర్వాత బండను వేళ్ళతో కొట్టి చూశాను. డొల్ల. నువ్వు చెప్పినట్టే లోపలంతా గాలి.

సొరంగంలోకి పోయాను. బయట ఎండ మండిపోతుంటే లోపల కుండ దగ్గర కూర్చున్నంత చల్లగా ఉంది. పట్టాలు ఉండాల్సిన చోట చాపలు పరుచుకుని కుటుంబాలు అన్నం తింటున్నాయి. ఒక తల్లి బిడ్డను జోకొడుతోంది. ఒక ముసలాయన చెయ్యి తలకింద పెట్టుకుని నిద్రపోతున్నాడు. రైలు వచ్చి ఉంటే వీళ్ళకు ఇక్కడ చోటు ఉండేదా? నీడన్న ఉంటది అన్నావు కదా... ఉంది బావా. నీ ప్లాట్‌ఫారం మీద నేనూ కూర్చున్నాను. మొదటి డబ్బా ఎక్కడ ఆగేదో తెలియక ముందువైపు కొసకు పోయి కూర్చున్నాను.

ఇంతలో మరియం బండ ఎక్కుతానని మారాం చేసింది. కుడికాలు పెట్టింది, జారింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ జారింది. పట్టుకుందామని దగ్గరకు పోయి చూస్తే నెర్రెలో, ఎడమవైపు... పలకరాయి.

సిమెంటుదే. కానీ అంతే ఎత్తు, అంతే వాలు.

రైలు గురించి ఊరందరికీ చెప్పావు. ఈ రాయి గురించి నాకు ఒక్క ముక్క కూడా చెప్పలేదేం? చెబితే నేను నవ్వుతాననుకున్నావా? నేనే వచ్చి చూడాలనుకున్నావా?

మరియం ఎడమకాలు పట్టి రాయి మీద పెట్టాను. ఒక్క ఊపులో ఎక్కేసింది. దాన్ని చూసి మిగతా పిల్లలూ వరస కట్టారు. ఊరూ పేరూ తెలియని పిల్లలు, బావా, అందరూ ఎడమకాలే ముందు పెట్టి ఎక్కుతున్నారు.

నీకు రుణపడి ఉన్నాను. అక్కడ పేల్చేసిన గుట్టను నువ్వు ముందే ఇక్కడ దాచిపెట్టావు. నన్ను కూడా అందులోనే పెట్టావు.

వచ్చే సెలవుకు ఊరు పోతాను. రైలు మల్లయ్య అని ఎవరైనా అంటే, అవును, ఆయన కట్టిన స్టేషన్‌లో కూర్చుని వచ్చాను అని చెబుతాను. ఎప్పటికైనా సరితను ఇక్కడికి తీసుకొస్తాను. ముందు ఏ కాలు పెట్టాలో దానికి చెప్పను. అదే చూసుకుంటుంది.

మొదటి డబ్బా బాకీ కొట్టేశాను పో.

నీ
ఎడమకాలుది