చెల్లికి ఒక గంట

అమ్మా, నా దగ్గు తగ్గింది, బెంగపడకు. మా మిల్లు వెనక ఖాళీ స్థలంలో సాయంత్రాలు వీధి పిల్లలను ఆడిస్తున్నాను. రోజూ ఆలస్యంగా వచ్చే దర్జీ కూతుర్ని మొన్న "క్రమశిక్షణ లేనివాళ్లకు ఇక్కడ చోటు లేదు, పో!" అని కసిరాను. "తమ్ముణ్ణి ఎవరికిచ్చి రమ్మంటావన్నా?" అంది, చంకలో వాణ్ణి చూపిస్తూ. నేను చదివిన వ్యాయామ కరపత్రాల్లో చంటిపిల్లల మాటే లేదు. సిగ్గుపడి వాణ్ణి నేనే ఎత్తుకున్నాను. ఇప్పుడు వీధిలోని ముసలమ్మలు వంతులవారీగా చంటిపిల్లల్ని ఎత్తుకుంటూ, పాత తగాదాలు మరిచి కబుర్లాడుతున్నారు. ఆ దర్జీ కూతురు ఆడి ఆకలేసి, ఇంటికెళ్లి మారు అన్నం అడుగుతోందట.

వంటింటి కప్పు ఇంకా కారుతోందా? నా పాత బూట్లు పంపు. చెల్లినీ అక్కడ రోజూ ఓ గంట ఆటకు పంపు. దాని చంకలోని బుడ్డోణ్ణి ఆ గంటసేపు నాన్నను ఎత్తుకోమను. ఆయన గుర్రుమంటే ఈ కార్డు చేతిలో పెట్టు. నాన్నకు నమస్కారాలు, బుడ్డోడికి ముద్దులు, చెల్లికి ఆ గంట.

నీ పెద్దోడు