ఎత్తని చెయ్యి

చిరంజీవి పెద్దోడికి అమ్మ దీవెనలు. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ బాగున్నావనుకుంటేనే ఈ కలం కదులుతోంది.

ఇంటి ముందు పగిలిన నీళ్ల పైపు సంగతి అడిగావు. ఇంకా బాగవలేదు. నగర సభ అధ్యక్షురాలి గుమ్మం ముందే పని మొదలైతే ఊరంతా ఆడిపోసుకుంటుందని, మన వీధిని ఆఖరి వరసలో పెట్టించాను. మీ నాన్న రోజూ చెప్పులు చేత పట్టుకుని బురద దాటుతూ, "పదవి నీది, బురద నాది" అంటున్నారు. నీ చెల్లెలు నీ సైకిల్ ముట్టుకోలేదని ఒట్టేసింది. చక్రాలకు మాత్రం ఏ రోజు బురద ఆ రోజు అంటుకునే ఉంటోంది.

ఇక అసలు సంగతి. పరాయి దేశంలో ఈ యుద్ధం ఆపి మన పిల్లల్ని వెనక్కి పిలవమని ప్రభుత్వానికి మా సభ తీర్మానం పంపాలంటూ దర్జీ అక్క అర్జీ పెట్టిందని రాశాను కదా. నీతోపాటే బయలుదేరి, పోయిన నెల పెట్టెలో తిరిగొచ్చిన కుర్రాడి తల్లి ఆవిడ. దానికి నువ్వేం జవాబిచ్చావు? "అమ్మా, నువ్వు చెయ్యెత్తితే ఇక్కడ నాకు తల కొట్టేసినట్టవుతుంది" అన్నావు.

ఆ అర్జీ చర్చకొచ్చిన రోజు సభ కిక్కిరిసిపోయింది. "డ్రైనేజీ మూతలే వేయించలేకపోతున్నాం, ఫిరంగుల నోళ్లు మూయిస్తామా?" అన్నాడు మందుల షాపాయన. అందరూ నవ్వారు. బడి పంతులమ్మ లేచి, "పిల్లలు వెళ్లింది మన వీధుల్లోంచే కదండీ. మనం అడక్కపోతే ఎవరడుగుతారు?" అంది. లెక్కపెడితే అటూ ఇటూ చేతులు సమానంగా వచ్చాయి. అలాంటప్పుడు అధ్యక్షురాలి చెయ్యే తేల్చాలి.

నేను ఎత్తలేదు. తీర్మానం వీగిపోయింది.

నీ మాట నిలబెట్టానని చెప్పుకోవచ్చు గానీ, అది అబద్ధం. భయపడ్డాన్రా. నేను ఎదురు తిరిగితే మీ పైవాళ్లు నిన్ను ముందు వరసలోకి తోస్తారేమోనని భయం. ఎవరి కొడుకు ఏమైనా నా కొడుకు బతికుండాలనుకున్నాను.

ఆ వెంటనే రెండో అంశం వచ్చింది. దర్జీ అక్క కొడుకు పేరు ఓ వీధికి పెట్టడం. యుద్ధం మొదలయ్యాక మా సభకు ఇదొక అలవాటైంది, పోయిన ప్రతి పిల్లాడికీ ఓ వీధి. ఒక్కరూ కాదనలేదు. నేనూ చెయ్యెత్తాను.

దర్జీ అక్క నా బల్ల దగ్గరికి వచ్చింది. తిట్టలేదు. "ఈ చెయ్యి ఇందాక ఏమైంది చెల్లీ?" అంది. "పేరు పెట్టని వీధులు ఇంకా ఎన్ని మిగిలాయో చూసుకున్నావా? మీదీ ఉంది అందులో."

వచ్చే సభలో ఆ తీర్మానం నేనే పెడుతున్నాను. ఓడిపోతే మళ్లీ పెడతాను. "వాడు నీతో మాట్లాడ్డం మానేస్తాడేమో" అన్నారు మీ నాన్న.

మానెయ్యి నాన్నా. తోటివాళ్లు నవ్వితే తల దించుకో. దించిన ఆ తల మీదుగా ఒక్క తూటా దాటిపోయినా నాకు చాలు. తిరిగొచ్చి, ఎదురుగా కూర్చుని, జన్మంతా నాతో పలక్కు.

ఇట్లు,
నీ మాట కాదన్న
మీ అమ్మ