కాఫీకి ముందు ఒక ఫోను

ఎస్కిల్ గారికి,

మన ఏజెన్సీ కంపెనీలకు పంపినవాళ్లలో ఉద్యోగం రానివాళ్లకు నేను ఫోన్లు చేయడం మానకపోతే నన్నే మానిపిస్తానన్న మీ హెచ్చరిక అందింది. మానను.

"పనికిరాని వాళ్లతో కబుర్లేంటి? కంప్యూటరే ఒక మెయిల్ కొడుతుందిగా! ఆ టైములో నాలుగు కొత్త కంపెనీల తలుపులు తట్టు" అని అందరి ముందూ కేకలేశారు. తడుతూనే ఉన్నాను. మన బెర్గెన్ ఊరికి వాన ఎంత మామూలో, కంపెనీల వాళ్లు టక్కున ఫోన్ పెట్టేయడం నాకు అంత మామూలు. అయినా సాయంత్రం దాకా నేను కుంగిపోకుండా నిలబడుతున్నానంటే ఆ మొదటి ఫోను వల్లే. పొద్దున్నే, కాఫీ కూడా తాగకముందే, "మీకు ఈ ఉద్యోగం రాలేదండీ" అని ఒక మనిషికి నా నోటితో చెబుతాను. అంత కష్టమైన మాట చెప్పేశాక ఆ రోజంతా ఇంకెవరు కసిరినా నాకు లెక్కలేదు.

చాలాకాలం కిందట, ఫెర్రీ కంపెనీ వద్దనుకున్న ఒకతనికి కూడా ఇలాగే చెప్పాను. అతను, "పోనీలెండి, ఇంక ఫోన్ ముందేసుకుని కూర్చోనక్కర్లేదు. కాదని చెప్పడానికి ఫోన్ చేసింది మీరొక్కరే" అన్నాడు.

మీరు మర్చిపోయినట్టున్నారు. ఆ గొంతు మీదే.

నన్ను తీసెయ్యాలనుకుంటే తీసెయ్యండి. మెయిల్ మాత్రం పంపకండి. పొద్దున్నే, కాఫీకి ముందు, ఫోన్ చెయ్యండి. ఎత్తుతాను.

ఇప్పటికింకా
మీ ఉద్యోగిని