పంపుకు హారతి

సెప్టెంబర్ 22, సోమవారం

పంపు సీల్ మళ్లీ కారుతోంది. టోలుయిన్ బొట్లు బొట్లుగా నేల మీద పడుతుంటే ఫిట్టర్ అంతయ్య కింద ఒక బకెట్ పెట్టాడు. ఈ థిన్నర్ కంపెనీలో రిపేర్ అంటే బకెట్. పెయింట్లలో కలిపే సరుకు ఇది. దీని ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. షెడ్డేమో మన్సూరాబాద్ కాలనీ వెనకాల ఉంది. గోడ అవతల ఎవరిదో వంటగది, కుక్కర్ విజిల్ కూడా వినిపిస్తుంది.

ఓనర్ లింగస్వామి సార్‌ని కొత్త సీల్ అడిగాను. దసరా పోయినంక చూద్దాం తియ్ అన్నాడు. మోటారు పెట్టెకు రెండు బోల్టులు లేవని కూడా చెప్పాను. లోపల స్పార్క్ వస్తే ఆ మంట బయటికి రాకుండా ఆపే పెట్టె అది. బోల్టులు లేకపోతే వట్టి డబ్బా. మిగిలినయ్ ఉన్నయ్ కద మేడం అన్నాడు. మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జ్ అని నాకో కుర్చీ వేశారు, కూర్చోవడానికే. ఛీ.

సెప్టెంబర్ 25

గాలిలో ఆవిరిని పసిగట్టే గ్యాస్ మీటర్ రోజంతా మొత్తుకుంది. అంతయ్య దాని మీద గుడ్డ కప్పాడు.

సెప్టెంబర్ 28, ఆదివారం

బుధవారం ఆయుధ పూజ. పంపుకు పసుపు, కుంకుమ, నిమ్మకాయ. సరే. ఆ తర్వాత పంపు ముందే కర్పూర హారతి! నేను జనవరిలో చేరాను కాబట్టి నాకిది ఇక్కడ మొదటి దసరా. వాళ్లకు ఏటా అలవాటేనట.

గేటు బయట చేయమన్నాను. లింగస్వామి సార్ ముఖం మాడిపోయింది. ఇన్నేండ్ల సంది చేస్తున్నం, ఏమన్న అయిందా అన్నాడు. అంతయ్య నన్ను జాలిగా చూశాడు. అన్నం పెట్టే మిషన్‌కు హారతి వద్దంటవేంది బిడ్డా, దాని మనసు నొయ్యదా అన్నాడు. పంపుకు మనసు ఉందట. సీల్ లేదు, అది మాత్రం ఎవరికీ పట్టదు. అంతయ్య చెడ్డవాడు కూడా కాదు. పొద్దున రాగానే ఆ పంపును తుడిచి, దండం పెట్టి గానీ టీ తాగడు. చెడ్డవాడైతే తిట్టి హాయిగా ఉండేదాన్ని.

ఇంటికొచ్చి అమ్మ దగ్గర మొత్తుకున్నాను. దేవుని దీపం ఆపొద్దు సంధ్యా, కండ్లు పోతయ్ అంది. మంట అంటుకుంటే కళ్లొక్కటే పోవమ్మా అన్నాను. అలిగి టీవీ సౌండ్ పెంచింది.

సెప్టెంబర్ 30

చేసేశాను.

ఊరంతా సద్దుల బతుకమ్మ హడావుడి. మధ్యాహ్నం అందరూ బంతిపూలకని దిల్‌సుఖ్‌నగర్ మార్కెట్‌కు పోయారు. షట్టర్లన్నీ ఎత్తి, కరెంటు తీసి, స్విచ్‌కు నా తాళం వేశాను. వాల్వులు మూశాను. పంపులో ఉన్నదంతా మూతడబ్బాలోకి దించి, నీళ్లతో కడిగి, మళ్లీ నీళ్లే నింపాను. అన్నీ ఇత్తడి పానాలతోనే, వాటితో రవ్వలు లేవవు. ఆ దరిద్రపు బకెట్‌ను కూడా కడిగి బోర్లించాను. మీటర్ సున్నా చూపించింది. ఆ సున్నాను చూస్తే ముద్దొచ్చింది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే పూజకు పంపు తిరగాలని తాళం తీయిస్తారు.

అక్టోబర్ 1, బుధవారం

పంపు మీదే కొబ్బరికాయ కొట్టారు. బోల్టులు లేని పెట్టె మీద కర్పూరం వెలిగించారు. మీటర్ మధ్యమధ్యలో కూస్తుంటే, పనిచేస్తున్నానని చెప్పే కూతే అది, ఆ అపశకునం బంద్ చెయ్యమన్నాడు సార్. చెయ్యలేదు. చీర కొంగులో చుట్టుకుని నిలబడ్డాను. సున్నా. సున్నా. సున్నా.

ఏమీ కాలేదు.

చూసినవా మేడం, ఏమైంది, అమ్మవారు ఉండంగ మనకేంది అన్నాడు లింగస్వామి సార్, పళ్లన్నీ బయటపెట్టి. అంతటితో ఆగాడా? ఇక నుంచి ప్రతి శుక్రవారం హారతి అన్నాడు. అంతయ్య కళ్లలో నీళ్లు.

నా జాగ్రత్తే వాళ్లకు సాక్ష్యమైంది.

అక్టోబర్ 2, దసరా

గాంధీ జయంతి రోజే పండగ వచ్చిందని, మటన్ షాపులు బంద్ అని కాలనీ అంతా ఏడుపు. నా ఏడుపు వేరే.

సార్‌కు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. పంపులో ఉన్నవి నీళ్లని, అందుకే ఏమీ కాలేదని, రేపు టోలుయిన్ ఎక్కించి హారతి పడితే అందరం పోతామని. ఆయన తీరిగ్గా నవ్వాడు. నీతోని గా పని చేయించింది గూడ అమ్మవారే కద మేడం అన్నాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినా కాస్త నయం. తాళంచెవి ఇవ్వనంటే రంపంతో కోయిస్తానన్నాడు, అక్కడే, రవ్వలు చిమ్ముతూ. ఫ్యాక్టరీల తనిఖీ ఆఫీసులకు ఫోన్ చేస్తే సెలవు, ఎత్తే దిక్కు లేదు. ఉద్యోగం మానేస్తే నేను బతుకుతాను. అంతయ్య? ఆ వంటగదిలో మనిషి?

అక్టోబర్ 3, శుక్రవారం, ఉదయం

తలస్నానం చేసి, ఇంత బొట్టు పెట్టుకుని పోయాను. గేటు దగ్గరే నిలబడి చెప్పాను. రాత్రి కలలో అమ్మవారు కనబడింది, నిప్పు గేటు దాటి లోపలికి తేవద్దంది, అక్కడ నాకు ఊపిరి ఆడతలేదు అంది.

అంతే. లింగస్వామి సార్ చెప్పులు విప్పాడు. అంతయ్య కర్పూరం పళ్లెం పట్టుకుని ఉరికి గేటు బయట పెట్టాడు, అగ్గిపెట్టె కూడా. తప్పయింది తల్లీ అని దండం పెట్టాడు, నాకో ఆమెకో తెలియదు.

అదే రోజు, సాయంత్రం

తొమ్మిది నెలలుగా చెబుతున్నాను. బోర్డు రాయించాను, క్లాస్ పెట్టాను, అరిచాను. ఒక్కరు వినలేదు. ఒక్క అబద్ధం చెబితే బీడీలు కూడా గేటు బయటే ఉన్నాయి. వాళ్లను చూస్తే అసహ్యం వేస్తోంది. అద్దంలో ఆ బొట్టు చూసుకుంటే ఇంకా ఎక్కువ వేసింది.

తాళం తీసిచ్చాను. టోలుయిన్ ఎక్కించారు, పంపు నడిచింది. సీల్ కింద బకెట్ మళ్లీ వచ్చింది.

అక్టోబర్ 5, ఆదివారం

లింగస్వామి సార్ ఫోన్. గొంతు తగ్గించి, కొత్త సీల్ కొనాల్నా వద్దా జర అమ్మవారిని అడిగి చెప్పమన్నాడు.

పొద్దున చెబుతానన్నాను. వెంటనే చెబితే నమ్మడు.