అత్తయ్య పళ్లెం లెక్క

చెల్లీ,

వచ్చే నెల నుంచి అత్తయ్య మీ వంతు కాబట్టి, ఆవిడ భోజనం సంగతి ముందే రాస్తున్నాను.

మా వార్డు సభలో వంటింటి చెత్తకు హద్దు పెట్టారు. ఇంటికి రోజుకు పావుకిలో. దాటితే బుట్ట తీసుకెళ్లరు, గేటుకు ఎర్ర కాగితం అంటిస్తారు. ఒప్పుకుంటూ చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. మొదటి వారమే మా గేటుకు కాగితం పడింది. మీ బావగారికి తల కొట్టేసినట్టయింది.

అప్పటినుంచి రోజూ తూకం వేసి పుస్తకంలో రాశాను. మిగిలేదంతా అత్తయ్య పళ్లెంలోదే. అందుకని ఆవిడ ఈరోజు ఎంత వదిలేస్తే రేపు అంత తగ్గించి వడ్డించాను. ఆవిడకు చివరి ముద్ద వదిలేసే అలవాటు కదా, వదులుతూనే వచ్చారు. నేనూ తగ్గిస్తూనే వచ్చాను. నాలుగో నెలకు పళ్లెం వేలితో తుడుచుకుని తినడం మొదలుపెట్టారు. లెక్క అక్కడ నిలిచింది.

"ఇంకాస్త పెట్టవే" అంటారు. పుస్తకం చూపిస్తాను.

మొన్న కౌన్సిలర్ ప్రశంసాపత్రం తెచ్చాడు. "ఎలా సాధించారమ్మా?" అని నన్నడిగాడు.

"నన్నడుగు నాయనా, నే చెబుతా" అన్నారు అత్తయ్య. అందరూ పడీపడీ నవ్వారు. ఫోటో కోసం ఆవిడను అతనొక్కడే ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాడు. మా పద్ధతే అన్ని వార్డులకూ పెట్టాలని తీర్మానం కూడా అయింది. మీ వార్డుకూ వస్తుంది.

పుస్తకం ఆవిడ సంచిలో పెడుతున్నాను. చివరి పేజీలోని కొలతతో మొదలుపెట్టు. దానికి గరిటె పనికిరాదు, చెంచా కూడా అందులోనే ఉంది.

అక్క