ముందూ వెనకా లేని పుట్టి

బాపయ్య క్యాంపు, రాయచూరు జిల్లా
22-12-1963

అత్తయ్య గారికి మీ కోడలు రాజ్యలక్ష్మి నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా, బెంగ పెట్టుకోకండి.

మామయ్య గారు ఎప్పుడు తిరిగొస్తారని అడిగారు కదా, వినండి. కోతలయ్యాయని నిన్న క్యాంపు వాళ్లం కృష్ణకు వెళ్లాం. పుట్టి నడిపే తాయప్ప పొద్దుటి నుంచి లంకలన్నీ తిప్పి చూపించాడు. పుట్టి అంటే తోలు చుట్టిన పెద్ద వెదురు బుట్ట. మామయ్య గారు ఊరుకోకుండా, "దివిసీమ వాడికి పడవ నేర్పుతావా?" అని తెడ్డు లాక్కున్నారు. మన పడవలో వేసినట్టు ఒక పక్కనే వేశారు. నడి ఏట్లో పుట్టి తిరగలిలా గిర్రున తిరిగింది! నేను చంటిదాన్ని పొదువుకుని కళ్లు మూసుకున్నాను.

తాయప్ప పగలబడి నవ్వాడు. "ఇది మీ దిక్కు పడవ కాదు పెద్దయ్యా! దీనికి ముందు ఎనక ఉండదు. ఒక దిక్కే ఏస్తే గిట్లనే తిరుగుతది. ముందల నీళ్లు మనదిక్కు గుంజాల" అన్నాడు.

మామయ్య గారికి కోపం రాలేదు సరికదా, బుద్ధిగా నేర్చుకుని సాయంత్రం తనే ఒడ్డుకు చేర్చారు. తిరుగు ప్రయాణం మాటే ఎత్తడం లేదు.

గేదె ఈనిందా? మరిదికి దగ్గు తగ్గిందా? మామయ్య గారికి అటక మీది విసురు వల కావాలట.

తాయప్ప ఇచ్చిన చేపలు నేనే వండాను. మామయ్య గారు రెండు ముద్దలు తిని, "వల ఒక్కటే కాదు, పులుసు పెట్టే మనిషినీ రమ్మని రాయి" అన్నారు. ఒళ్లు మండినా రాశాను. మీ చట్టి తెచ్చుకోండి.

పిల్లలకు దీవెనలు. కార్డులో చోటు అయిపోయింది. ఇంట్లో ఉంది, రండి.