హోర్డింగు మీద వదిన

వదినా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున్నే చేపల గంపతో రుషికొండ వెళ్లాను. బస్టాపు దగ్గర టూరిజం వాళ్లు కొత్తగా పెద్ద హోర్డింగు పెట్టారు. దాని మీద నువ్వున్నావు. హార్బరులో మనిద్దరం చేపలమ్ముతూ నవ్వుకుంటుంటే ఎవరో ఫొటో తీశారు కదా, అదే. నీ ముఖం మీద ముడతలు తీసేశారు. వెలిసిపోయిన చీరకు రంగు పెట్టారు. నన్ను కోసేశారు. నీ భుజం మీద నా చెయ్యి మాత్రం మిగిలింది.

ఇంట్లో నీ ఫొటో ఒక్కటీ లేదు. అందుకే చూస్తూ నిలబడిపోయాను.

సెల్ఫీ తీసుకుంటున్న కాలేజీ పిల్ల, "ఆంటీ, కాస్త జరుగుతారా?" అంది.

"ఆవిడ మా వొదినమ్మ. నాను పక్కనే ఉన్నాను, కోసేసినారు. ఆ సెయ్యి నాదే" అన్నాను.

"నిజమా? అయితే అక్కడే నిల్చోండి" అంటూ మనిద్దరికీ కలిపి ఫొటో తీసి చూపించింది.

"ఈసారి ఆవిణ్ణి కూడా తీసుకురండి ఆంటీ."

"అలాగేనమ్మా" అన్నాను.

ఇంతలో బస్సొచ్చింది. పిల్ల ఎక్కి వెళ్లిపోయింది. నాది బటన్ల ఫోను కదా వదినా, ఆ ఫొటో పంపమని అడగలేకపోయాను.